లైట్లు వెలిగినంత మాత్రాన ర్యామ్ 6000 కాదు

గ్లాసు తలుపు క్యాబినెట్‌లో మెరిసే ఆర్‌జీబీ ర్యామ్‌కి, అంటే రంగుల లైట్లున్న ర్యామ్‌కి, ఒక చెడ్డ గుణం ఉంది. 4800 మీద నడుస్తున్నా 6000 మీద నడుస్తున్నా (సెకనుకు ఎన్ని మిలియన్ల సార్లు డేటా కదులుతుందో ఆ అంకె) ఒకేలా వెలుగుతుంది. డబ్బులు పోసి కొన్న వేగం బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సెట్టింగుల్లో, నిద్రపోతుంటే, పైన లైట్లు మాత్రం శివరాత్రి తిరునాళ్లలో కరెంటు ప్రభలా ధగధగలాడుతుంటాయి. చూసేవాళ్లకీ తెలీదు, వాడేవాళ్లకీ తెలీదు.

అందుకే నెల్లూరులో అసెంబుల్ చేయించినా, చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి విడిభాగాలు మోసుకొచ్చినా, రంగుల సాఫ్ట్‌వేర్ దించుకోకముందే టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కింద స్పీడ్ అని కనిపిస్తుంది. బాక్సు మీద 6000 ఉండి అక్కడ 4800 అనో 5600 అనో ఉంటే ప్రొఫైల్ ఆన్ చేయలేదన్నమాట. సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 3000 అని కనబడితే మాత్రం కంగారు పడొద్దు. అది క్లాక్ వేగం. ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా కదులుతుంది కాబట్టి రెట్టింపు చేస్తే 6000.

ఎందుకిలా అంటే, ఏ బోర్డయినా కొత్త ర్యామ్‌ని ముందు అన్ని కంపెనీలకీ ఉమ్మడి అయిన జెడెక్ ప్రమాణం ప్రకారం సేఫ్ వేగంతోనే లేపుతుంది. 6000 అనేది ఆ స్టిక్ తయారుచేసిన కంపెనీ పరీక్షించి, స్టిక్ మీదున్న ఎస్‌పీడీ అనే చిన్న చిప్‌లో రాసి పెట్టిన ప్రొఫైల్. ఇంటెల్ వైపు దాన్ని ఎక్స్ఎంపీ అంటారు, ఏఎండీ వైపు ఎక్స్‌పో. బయోస్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేయాలి. షాపులో అసెంబుల్ చేసే కుర్రాడు విండోస్ ఎక్కిందా, లైట్లు వెలిగాయా అని చూసి పంపేస్తాడు. సగం పీసీలు అలాగే బతుకు వెళ్లదీస్తుంటాయి.

ఇక వేగం సంగతి. బాక్సు మీద పెద్దక్షరాల్లో ఉండే అంకె ఒక్కటే చూసి కొంటే మోసపోతాం. పక్కనే చిన్నగా సీఎల్ అని ఇంకో అంకె ఉంటుంది, అడిగిన డేటా రావడానికి ఎన్ని క్లాకులు ఆగాలో చెప్పేది, దాన్నీ కలిపి చూడాలి. లెక్క సులువే: సీఎల్‌ని 2000తో గుణించి, వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. పాత తరం డీడీఆర్4 3200 సీఎల్16 అయితే 10. దాని తర్వాతి తరం డీడీఆర్5 6000 సీఎల్30 కూడా 10. అదే 6000 సీఎల్36 అయితే 12. ప్రొఫైల్ ఆన్ చేయని 4800 సీఎల్40 అయితే 16.7. అంటే డీడీఆర్5 కొని ప్రొఫైల్ ఆన్ చేయకపోతే, ఎదురుచూపు విషయంలో పాత డీడీఆర్4 కంటే వెనకబడ్డట్టే. డేటా పారే వెడల్పులో మాత్రం డీడీఆర్5దే పైచేయి. రెండు చానళ్లు కలిపి 3200 దగ్గర సెకనుకు 51.2 జీబీ, 6000 దగ్గర 96 జీబీ.

ఈ తేడా ఆటలో ఎక్కడ కనిపిస్తుంది? వాలరెంట్, సీఎస్2 లాంటివి 1080పీలో, సెట్టింగులు తగ్గించి, 144 హెర్ట్జ్ పైన మానిటర్‌తో ఆడేవాళ్లకి కనిపిస్తుంది. అక్కడ భారమంతా ప్రాసెసర్ మీదే కాబట్టి. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) పెరగడం కంటే మధ్యమధ్యలో వచ్చే కుదుపులు తగ్గడమే అసలు లాభం. 1440పీలో అన్నీ అల్ట్రా పెట్టి కథ ఉన్న ఆటలు ఆడేవాళ్లకి గ్రాఫిక్స్ కార్డే అడ్డం, ర్యామ్ మార్చినా పెద్దగా తేలేదేమీ ఉండదు. ఏఎండీ ప్రాసెసర్లలో ఎక్స్3డీ రకం రైజెన్ ఉంటే మరీ తక్కువ. దాని లోపలుండే సొంత మెమరీ, అంటే క్యాషే, అంత పెద్దది, ర్యామ్ దాకా వెళ్లాల్సిన పని తగ్గిపోతుంది.

ఏ బోర్డుకి ఏ వేగం అన్న దగ్గరే ఎక్కువమంది చేతులు కాల్చుకుంటారు. ఏఎం5 మీద, అంటే రైజెన్ 7000, 9000 వరసల్లో, 6000 సీఎల్30 చాలు. అక్కడ మెమరీ కంట్రోలర్ (ప్రాసెసర్‌లో ర్యామ్‌తో మాట్లాడే భాగం), ర్యామ్ ఒకే వేగంతో అడుగు కలిపి నడుస్తాయి. 6400 దాటితే చాలా చిప్‌లలో కంట్రోలర్ సగం వేగానికి దిగిపోతుంది. 7200 కిట్ పెట్టి 6000 కంటే నెమ్మదిగా ఆడటం అంటే అదే. పాత ఏఎం4 రైజెన్ 5000 అయితే డీడీఆర్4 3600 దగ్గర ఆపేయండి.

ఇంటెల్ 12, 13, 14 తరాల్లో బీ660, బీ760 బోర్డులు ఎక్స్ఎంపీని ఒప్పుకుంటాయి. హెచ్610 చిప్‌సెట్‌లో మెమరీ ఓవర్‌క్లాకింగ్, అంటే ప్రమాణం దాటిన వేగం పెట్టే వీలు, లేదు. బడ్జెట్ తక్కువని 12400ఎఫ్ ప్రాసెసర్‌తో హెచ్610 డీడీఆర్4 బోర్డు తీసుకుని, దాని మీద ఆర్‌జీబీ 3600 కిట్ పెడితే అది 3200 దాటదు. ఇంకో మెలిక: చివర కె అక్షరం లేని ఇంటెల్ ప్రాసెసర్లలో కంట్రోలర్‌కి ఇచ్చే వోల్టేజీకి తాళం వేసి ఉంటుంది. బోర్డు బీ660 అయినా డీడీఆర్4 3600 కొన్నిటిలో నిలబడదు, 3200 సీఎల్16 నిశ్చింతగా నడుస్తుంది.

స్టిక్కుల సంఖ్య రెండు, చానల్‌కి ఒకటి. ఇందులో బేరం లేదు. నాలుగు స్లాట్లూ నిండితేనే అందం అనుకుని నాలుగు ఆర్‌జీబీ స్టిక్కులు కొంటారు. ఏఎం5 మీద నాలుగు స్టిక్కులకి ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే. 6000 దాకా లాగగలిగినవాళ్లు ఉన్నారు, అది అదృష్టం మీద. ఖాళీ స్లాట్లు కంటికి వెలితిగా ఉంటే, లోపల మెమరీ లేకుండా లైట్లు మాత్రమే ఉండే ఉత్తుత్తి స్టిక్కులు కొన్ని కంపెనీలు చేశాయి. డీడీఆర్4 రోజుల్లో కోర్సెయిర్ వాటిని విడిగా అమ్మింది, గిగాబైట్ అయితే రెండు నిజమైనవి, రెండు ఉత్తవి కలిపి ఒకే బాక్సులో ఇచ్చింది. నవ్వొచ్చే వస్తువే కానీ, నాలుగు నిజమైనవి పెట్టి వేగం పోగొట్టుకోవడం కంటే నయం.

8 జీబీ డీడీఆర్5 స్టిక్కుల జోలికి కూడా పోవద్దు. వాటిలో నాలుగే చిప్‌లు ఉంటాయి, లోపల డేటా దాచే గదుల గుంపులు, అంటే బ్యాంక్ గ్రూపులు, 16 జీబీ స్టిక్ చిప్‌లలో ఉన్నవాటిలో సగమే, దానివల్ల అదే వేగం రాసి ఉన్నా పని నెమ్మది. రెండు 16లు తీసుకోండి. అదీ ఒకే బాక్సులో వచ్చిన కిట్. ఇప్పుడొకటి, దసరాకొకటి అని విడివిడిగా కొంటే పేరు ఒకటే అయినా లోపల చిప్ కంపెనీ మారిపోతుంది, ప్రొఫైల్ నిలబడదు. పైగా రెండింటి రంగుల్లో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు ఎలా ఎగబాకాయో తెలిసిందే. ఆ రేట్లు చూసి 'ముందు ఒకటి వేద్దాం సామీ' అని అంగట్లో అంటే ఒప్పుకోవాలనిపిస్తుంది. చేతిలో డబ్బు తక్కువైతే లైట్లు మానుకోండి, రెండో స్టిక్ మానుకోవద్దు.

అంగట్లో బాక్సు చేతికిచ్చినప్పుడు పార్ట్ నంబర్ చదవడం రావాలి. కోర్సెయిర్‌లో సీఎంహెచ్ అని మొదలైతే వెంజెన్స్ ఆర్‌జీబీ డీడీఆర్5, సీఎంకే అని మొదలైతే అదే స్టిక్ లైట్లు లేకుండా. తర్వాత వచ్చే 32జీఎక్స్5ఎం2 అంటే మొత్తం 32 జీబీ, డీడీఆర్5, రెండు స్టిక్కులు. చివర 6000సీ30 అన్నది వేగం, సీఎల్. కింగ్‌స్టన్‌లో కేఎఫ్560సీ30 అంటే డీడీఆర్5 6000 సీఎల్30, చివర కే2-32 అంటే రెండు కలిపి 32 జీబీ. జీస్కిల్‌లో మధ్యన 6000జే3038 అని వస్తుంది, అంటే 6000, టైమింగులు 30-38. చివరి అక్షరాల్లో టీజెడ్5ఎన్‌ఆర్ ఉంటే ట్రైడెంట్ జెడ్5 నియో ఆర్‌జీబీ. సీ30 అడిగితే సీ36 ఇచ్చి 'రెండూ 6000యే గదా' అంటారు. రేటులో ఆ తేడా తగ్గిస్తేనే తీసుకోండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. ర్యామ్ వారంటీ ఏళ్ల తరబడి ఉంటుంది, ఆ కాగితం లేకపోతే ఉన్నా లేనట్టే.

సీఎల్30 ఎందుకంత పట్టుబట్టడమంటే, 6000 దగ్గర సీఎల్30 పట్టే కిట్లు ఎక్కువగా హైనిక్స్ కంపెనీ మెమరీ చిప్‌లతో వస్తాయి. తర్వాత చేత్తో ట్యూన్ చేసుకోవడానికి అవే బాగా లొంగుతాయి.

ఇప్పుడు లైట్ల మాట. ఆర్‌జీబీ స్టిక్ ఎత్తుగా ఉంటుంది, అదే దానితో వచ్చే మొదటి చిక్కు. జీస్కిల్ ట్రైడెంట్ జెడ్5 ఆర్‌జీబీ ఎత్తు 44 మిల్లీమీటర్లు, లైట్లు లేని ఫ్లేర్ ఎక్స్5 33. కింగ్‌స్టన్ ఫ్యూరీ బీస్ట్ ఆర్‌జీబీ 42 పైచిలుకు, ఎక్స్‌పీజీ లాన్సర్ ఆర్‌జీబీ 40, టీమ్‌గ్రూప్ డెల్టా ఆర్‌జీబీ 46. డీడీఆర్4 కాలపు వెంజెన్స్ ఆర్‌జీబీ ప్రో ఏకంగా 51. నోక్టువా ఎన్‌హెచ్-డీ15 లాంటి రెండు టవర్ల ఎయిర్ కూలర్ ముందు ఫ్యాన్ కింద ఖాళీ 32 మిల్లీమీటర్లే. ఎత్తు స్టిక్ పెడితే ఫ్యాన్‌ని పైకి జరపాలి, జరిపితే కొన్ని క్యాబినెట్లలో తలుపు మూతపడదు. బోర్డు మీద రెండో, నాలుగో స్లాట్లు వాడతాం కాబట్టి ప్రాసెసర్‌కి దగ్గరున్న రెండో స్లాట్ స్టిక్కే తగిలేది. కూలర్ బాక్సు మీద ర్యామ్ క్లియరెన్స్ ఎంతో చూసుకుని కొనండి.

పెద్ద ఎయిర్ కూలర్ వాడేవాళ్లకి అసలు ప్రశ్న ఏమిటంటే, ఆ ఫ్యాన్ కింద ర్యామ్ సగం దాగిపోతుంది. కనిపించని లైట్లకి డబ్బెందుకు? లిక్విడ్ కూలర్ ఉండి ర్యామ్ పూర్తిగా బయటికి కనిపించే క్యాబినెట్ అయితే సరే, ముచ్చటగా ఉంటుంది, కొనుక్కోండి. అందంలో నా ఓటు ట్రైడెంట్ జెడ్5 నియోకే. పైపట్టీలో వెలుగు చుక్కలు చుక్కలుగా కాకుండా ఒకే ధారలా పరుచుకుంటుంది. డెల్టాలో పక్క అంచులు కూడా వెలుగుతాయి, కొందరికి అది మరీ జాతరలా అనిపిస్తుంది. ఫ్యూరీ బీస్ట్‌లో ఒక తెలివైన పని చేశారు: రెండు స్టిక్కులూ ఇన్‌ఫ్రారెడ్ కాంతితో ఒకదానికొకటి సైగ చేసుకుని రంగులు కలిపి నడుపుతాయి, సాఫ్ట్‌వేర్ లేకపోయినా తప్పవు. సాఫ్ట్‌వేర్ గోల పడనివాళ్లకి అదే మంచిది.

ఆ గోల మామూలుది కాదు. ర్యామ్ లైట్లకి విడిగా వైరు ఉండదు. స్టిక్ వివరాలు చదివే ఎస్ఎంబస్ అనే సన్న దారిలోనే రంగుల ఆదేశాలూ వెళ్తాయి. బోర్డు కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒకటి, ర్యామ్ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒకటి, రెండూ పెడితే ఆ సన్న దారిలో ఎదురెదురుగా వచ్చిన రెండు బండ్లలా కొట్టుకుంటాయి. ఒక స్టిక్ ఎర్రగా ఆగిపోయి ఇంకోటి తిరుగుతూ ఉండటం, నిద్ర నుంచి లేవగానే రంగులు మరచిపోవడం దాదాపు అన్నీ దీనివల్లే. ఏదో ఒకటే ఉంచుకోండి. కోర్సెయిర్ ఐక్యూలో హార్డ్‌వేర్ లైటింగ్ అని ఉంటుంది, దాంట్లో రంగు సేవ్ చేస్తే స్టిక్‌లోనే నిలుస్తుంది, ఆ తర్వాత ఐక్యూని స్టార్టప్ నుంచి తీసేయొచ్చు. ఆటలో మెమరీ, ప్రాసెసర్ రెండూ కాస్త మిగులుతాయి. ఇంకోటి: 2025 మార్చిలో విండోస్ డిఫెండర్ విన్‌రింగ్0 అనే పాత డ్రైవర్‌ని ప్రమాదకరంగా గుర్తించడం మొదలుపెట్టింది. దాని మీద ఆధారపడ్డ రంగుల సాఫ్ట్‌వేర్లు, ఫ్యాన్ సాఫ్ట్‌వేర్లు ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయి. అలాంటప్పుడు డిఫెండర్‌ని ఆపేసి పాతదాన్నే లాక్కురావద్దు, ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసుకోండి.

బిగించేటప్పుడు పవర్ కేబుల్ తీసేసి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. బోర్డు మీద ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. స్టిక్ మీద గాటు, స్లాట్ లోపలి గట్టు ఒకదానికొకటి సరిపోవాలి. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే అయినా గాటు చోటు వేరు, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు. పైన ప్లాస్టిక్ లైట్ పట్టీ మధ్యలో నొక్కితే అది పగలొచ్చు. రెండు చివర్లూ పట్టుకుని ఒక్కో వైపు టక్‌మనే దాకా నొక్కండి. కొన్ని బోర్డుల్లో క్లిప్ ఒకవైపే కదులుతుంది. రెండో వైపు దిగిందనుకుని వదిలేస్తే లైట్లు వెలుగుతాయి, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంటుంది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏఎం5 బోర్డు మీద స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది, బోర్డు మీద డీరామ్ అని రాసిన చిన్న లైటు వెలుగుతూ ఉంటుంది. అది మెమరీ ట్రెయినింగ్. ప్రతి తీగలో సిగ్నల్ ఎంత ఆలస్యంగా వస్తోందో బోర్డు కొలుచుకుంటోంది. పావుగంట దాకా ఓపిక పట్టండి. పాడైందనుకుని స్విచ్ కట్టేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా అంతే. బయోస్ అప్‌డేట్ అయితే మాత్రం యూపీఎస్ లేకుండా చేయొద్దు, అది సగంలో ఆగితే బోర్డే పోవచ్చు. అప్‌డేట్ మాత్రం చేయాల్సిందే. 2023లో రైజెన్ 7000 చిప్‌లు కొన్ని కాలిపోయాక, ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లే ఎస్ఓసీ వోల్టేజీ 1.3 వోల్టులు దాటకుండా ఏఎండీ కట్టడి పెట్టింది. పాత స్టాకు బోర్డులో ఆ కట్టడి ఉండకపోవచ్చు.

తర్వాత డెలీట్ కీ కొడుతూ బయోస్‌లోకి వెళ్లి, ఎక్స్‌పో లేదా ఎక్స్ఎంపీ ప్రొఫైల్ 1 ఎంచుకుని, ఎఫ్10తో సేవ్ చేయండి. లేవకపోతే మూడు నాలుగు ప్రయత్నాల తర్వాత చాలా బోర్డులు వాటంతట అవే పాత వేగానికి వస్తాయి. రాకపోతే కేబుల్ పీకి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 సెల్ తీసి ఐదు నిమిషాలు ఆగి పెట్టండి, బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. ఆ తర్వాత ప్రొఫైల్ మళ్లీ ఆన్ చేసి, వేగం ఒక్కటే 5800కో 5600కో దించి చూడండి. మనకి తెలిసేంత తేడా ఉండదు. ప్రతిసారీ బూట్ ఆలస్యమవుతుంటే మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ ఆన్ చేయొచ్చు, పాత ట్రెయినింగ్ కొలతలనే మళ్లీ వాడుకునే సెట్టింగ్ అది. ఆన్ చేశాక విండోస్ కూలి నీలి తెరలు రావడం మొదలైతే వెంటనే తీసేయండి.

విండోస్ ఎక్కింది కదా అని వదిలేయొద్దు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రి వదిలేయండి, ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు నడుస్తుంది. ఒక్క తప్పు వచ్చినా తప్పే. 'ఒకటే గదా' అని సర్దుకుంటే ఎప్పుడో ఆట మధ్యలో మూసుకుపోతుంది, లేదా సేవ్ ఫైల్ పాడవుతుంది.

అసలు పరీక్ష మన దగ్గర ఎండాకాలంలో ఉంటుంది. ర్యామ్‌లో ప్రతి బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లో దాచిన చార్జి. అది కారిపోతూ ఉంటుంది, అందుకే మాటిమాటికీ రిఫ్రెష్ చేస్తుంటారు. వేడి పెరిగితే కారడం పెరుగుతుంది. డీడీఆర్5లో ఆ రిఫ్రెష్ వ్యవధి మామూలుగా 3.9 మైక్రోసెకన్లు, 6000 దగ్గర బయోస్‌లో అదే క్లాకుల లెక్కలో టీఆర్ఈఎఫ్ఐ సుమారు 11,700 అని కనిపిస్తుంది. యూట్యూబ్ చూసి దాన్ని 50,000కో 65,535కో పెంచేవాళ్లున్నారు. రిఫ్రెష్‌లు తగ్గి వేగం నిజంగానే పెరుగుతుంది. సంక్రాంతికి అది రాత్రంతా టెస్ట్ పాసవుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు గదిలో 38 డిగ్రీలు ఉండి, గ్రాఫిక్స్ కార్డు వేడి పైకి తన్ని, స్టిక్ 55, 60 దాటేసరికి అదే సెట్టింగ్ కూలుతుంది. అప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్‌ని తిడతారు. ఏసీ లేని గదిలో టీఆర్ఈఎఫ్ఐని ఆటోలో వదిలేయడమే మేలు.

డీడీఆర్5లో కరెంటును సర్దే చిప్ కూడా స్టిక్ మీదే ఉంటుంది, అదీ వేడెక్కుతుంది. దానికి తోడు లైట్ల వేడి, పైన గాలికి అడ్డంగా ప్లాస్టిక్ పట్టీ. అదృష్టం కొద్దీ డీడీఆర్5 స్టిక్కులో ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో అంకె చూడొచ్చు. మేలో ఓ మధ్యాహ్నం గంట సేపు ఆడి, లైట్లు ఉంచి ఒకసారి, ఆర్పి ఒకసారి చూడండి. 60 దాటుతుంటే ముందు ఫ్యాన్ల సంగతి చూడాలి. పైన వెనకవైపు ఒక ఫ్యాన్ వేడిని బయటికి లాగాలి. 1.4 వోల్టుల కిట్ కంటే 1.35 వోల్టులతో అదే 6000 సీఎల్30 ఇచ్చే కిట్ మనకి నప్పుతుంది. బాక్సు మీద టైమింగుల పక్కనే వోల్టేజీ రాసి ఉంటుంది, 30-38-38-96 అని ఉన్న జీస్కిల్ కిట్లు 1.35వే.

దుమ్ము, ఉప్పుగాలి వేరే బాధ. చీమకుర్తి వైపు గ్రానైట్ పొడి, మైపాడు, కొత్తపట్నం తీరాన చెమ్మ. ఏడాదికోసారి స్టిక్కులు తీసి, అంచున బంగారు పూత కాంటాక్టుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాక పెట్టండి. రబ్బరుతో రుద్దడం మన దగ్గర అలవాటే కానీ, ఆ పొడి స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి. స్లాట్లను మెత్తటి పొడి బ్రష్‌తోనే దులపాలి.

ఇంకో చిన్న సంగతి. పీసీని స్లీప్‌లో పెడితే ర్యామ్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి చాలా కిట్లలో లైట్లు ఆరవు, మనం పెట్టిన రంగు పోయి మళ్లీ ఇంద్రధనుస్సు తిరగడం మొదలవుతుంది. పీసీ ఉన్న గదిలోనే పడుకునేవాళ్లు షట్‌డౌన్ చేసుకోవాలి. షట్‌డౌన్ చేశాక కూడా క్యాబినెట్‌లో ఇంకేమైనా వెలుగుతుంటే అవి ఎక్కువగా బోర్డు లైట్లే. బయోస్‌లో ఈఆర్‌పీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే అవీ ఆరిపోతాయి.